ముక్కులో గాలి లెక్క



తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి అని ఒక ఊరుంది. బస్సులో పోయేవాళ్ళకు టోల్‌గేటు వల్ల గుర్తుంటుంది. గాలి మీద పరిశోధన చేసేవాళ్ళకు మాత్రం ఏ దేశంలో ఉన్నా ఆ పేరు తెలుసు. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది అక్కడే. కొండల నడుమ చదును నేల మీద 1024 యాంటెన్నాలు వరసలు తీరి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతాయి. మబ్బు లేకపోయినా, వాన లేకపోయినా, వట్టి గాలిలోని చిన్న చిన్న కదలికలకు తగిలి ఆ తరంగాల్లో రవంత భాగం వెనక్కి వస్తుంది. ఆ రవంతనే పట్టుకుని, ఇరవై కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో చెప్పేస్తారు. 1990ల తొలి సంవత్సరాల నుంచీ అక్కడ జరుగుతున్న పని ఇదే.

ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిని కొలిచేశాం. కళ్ళకు రెండంగుళాల కిందున్న గాలి దగ్గర మాత్రం చాలాకాలం చేతులెత్తేశాం. ముక్కు లోపలి సందు చాలా చోట్ల రెండు మూడు మిల్లీమీటర్లే. అందులోకి ఎంత సన్నని పరికరం దూర్చినా అదే గాలికి అడ్డం పడుతుంది. కొలవబోయిన వస్తువు కొలవబోయే సరికి మారిపోతే ఇంకేం కొలుస్తాం? అందుకే ముక్కు విషయంలో కొలత కన్నా లెక్కే గతి అయింది. ఆ లెక్క ఎలా కడతారో, కట్టాక ఏం తేలిందో ఈరోజు చెప్పుకుందాం.

ముందు మీరొక పని చేయండి. రేడియో పక్కనే ఉన్నారు కదా, ఒక ముక్కు రంధ్రం మూసి రెండోదానితో పీల్చండి. తర్వాత అది మూసి మొదటిదానితో పీల్చండి. చాలామందికి ఒకవైపు తేలిగ్గా, ఇంకోవైపు కొంచెం బిగువుగా ఉంటుంది. రెండు మూడు గంటలు పోయాక మళ్ళీ చూస్తే వరస తిరగబడి ఉండొచ్చు. ఇది జబ్బు కాదు. లోపలి కండలోకి ఒకవైపు రక్తం చేరి ఉబ్బుతుంది, రెండోవైపు తగ్గుతుంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వైద్య పత్రికకెక్కించాడు. శ్వాస తీరును చూసి ఫలితాలు చెప్పే మన స్వరశాస్త్రం వాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందే ఇడ, పింగళ అని పేర్లు పెట్టి ఈ మార్పును గమనించారు. ఏ స్వరం ఆడేటప్పుడు ప్రయాణం కట్టాలి, ఏ స్వరంలో బేరం కుదుర్చుకోవాలి అని వాళ్ళు చెప్పే ఫలితాల జోలికి నేను పోను. గమనింపు మాత్రం నిక్కమైనదే.

ఇక ముక్కు చేసే పని చూడండి. తీరిగ్గా కూర్చున్న మనిషి రోజుకు దాదాపు పదివేల లీటర్ల గాలి పీలుస్తాడు. ముక్కు లోపలి ఖాళీ మొత్తం కలిపితే ఇరవై మిల్లీలీటర్లకు కొంచెం అటూ ఇటూ. లోపలికి పోయిన గాలి గొంతు వెనక్కి చేరడానికి పట్టేది సెకనులో పదో వంతు. ఆ పదో వంతులోనే దాన్ని శరీరపు వేడికి దగ్గరగా తేవాలి, తేమ నింపాలి, దుమ్ము ఏరెయ్యాలి. ధనుర్మాసం తెల్లవారుజామున తిరుమల కొండ మీద పీల్చే గాలిని వెచ్చబరుస్తుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతి గాంధీ రోడ్డులో నలభై డిగ్రీలు దాటిన వడగాలి పీలిస్తే అదే ముక్కు తన తడిని ఆవిరి చేసి ఆ గాలిని చల్లబరుస్తుంది. కొండ మీదా కింద ఊళ్ళోనూ పని ఒక్కటే: ఊపిరితిత్తులకు ఒకే రకం గాలి అందించడం.

ఇదంతా జరిగేది పక్క గోడల నుంచి వంకీ తిరిగి వేలాడే మూడు మడతల వల్ల. డాక్టర్లు టర్బినేట్లు అంటారు. మనవాళ్ళు ‘ముక్కులో కండ’ అనేది చాలాసార్లు వీటినే. పెరిగిన కొత్త కండ అనుకుని భయపడతారు గానీ అవి పుట్టుకతో ఉన్నవే, జలుబుకో అలర్జీకో ఉబ్బుతాయి.

గాలి ఈ మడతల మధ్య ఏ దారిన పోతుందో తెలుసుకోవాలన్న ఆశ పాతదే. పంతొమ్మిదో శతాబ్దంలో చనిపోయినవాళ్ళ తలల మీద ప్రయోగాలు చేశారు. 1993లో అమెరికాలో హాన్, షెరర్, మోజెల్ అనే ముగ్గురు ఇంకో దారి పట్టారు. ఒక మనిషి సీటీ స్కాన్ తీసుకుని, అతని ముక్కులో సగాన్ని ఇరవై రెట్లు పెద్దదిగా నమూనా చేసి అందులో గాలి వదిలారు. రాకెట్‌ను పరీక్షించాలంటే దాన్ని చిన్నది చేసి గాలి సొరంగంలో పెడతారు. ముక్కును పెద్దది చేయాల్సి వచ్చింది. 1883లో ఓస్బోర్న్ రేనాల్డ్స్ చూపిన సూత్రం ఒకటుంది: నమూనా ఇరవై రెట్లు పెద్దదైతే గాలి వేగం ఇరవయ్యో వంతు చేయండి, ప్రవాహం తీరు మారదు. అలా గాలి నెమ్మదించింది, సందు వెడల్పయింది, పరికరం పెట్టడానికి చోటు దొరికింది.

ఆ తర్వాత రెండేళ్ళకు, 1995లో, కేహనీ అనే పరిశోధకుడు షెరర్, మోజెల్‌లతో కలిసి అదే ముక్కును కంప్యూటర్లోకి ఎక్కించాడు. నమూనాలో కొలిచిన వేగాలూ, లెక్కలో వచ్చిన వేగాలూ పోల్చి చూసుకున్నారు. కంప్యూటర్ చెప్పింది నమ్మడానికి అది మొదటి హామీ. నా మటుకు నాకు ఈ కథలో బాగా నచ్చేది ఈ ఘట్టమే. కొలిచి సరిచూసుకోకుండా లెక్క మీద ఎంత పెద్ద భవనం కట్టినా అది గాలిమేడే.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. సీటీ స్కాన్ మనిషి తలను పలచని పొరలుగా చూపిస్తుంది. అందులో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్న, గాలికి మైనస్ వెయ్యి, ఎముకకు కొన్ని వందలు. సీటీ కనిపెట్టి 1979లో నోబెల్ అందుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే ఆ కొలమానం నడుస్తోంది. ఫలానా అంకెకు దిగువన ఉన్నదంతా గాలి అని గీత గీస్తే ముక్కు లోపలి ఖాళీ ఒక ఆకారంగా బయటపడుతుంది. ఆ ఖాళీని పది లక్షల నుంచి కోటి దాకా చిన్న గదులుగా కోస్తారు. ఇక ప్రతి గదికీ లెక్క ఒక్కటే: పక్క గది నుంచి ఎంత గాలి వచ్చింది, ఎంత పోయింది, ఒత్తిడి ఎంత, గోడ ఎంత పట్టి ఆపింది. ఇందుకు వాడే సమీకరణాలను 1822లో ఫ్రాన్స్‌లో నేవియర్ రాశాడు, 1845లో స్టోక్స్ స్థిరపరిచాడు. గాదంకిలో వాతావరణ అంచనాలు కట్టేదీ మూలంలో వాటితోనే. 2022లో జిల్లాలు మార్చాక శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది కదా, అక్కడి నుంచి లేచే రాకెట్ ఒంటిని ఒరుసుకుపోయే గాలికీ అవే. ఆ సమీకరణాలకు అన్ని సందర్భాల్లోనూ సాఫీగా సమాధానం ఉంటుందని గణితంలో నిరూపించినవాళ్ళు లేరు. నిరూపిస్తే పది లక్షల డాలర్లు ఇస్తామని 2000లో క్లే గణిత సంస్థ ప్రకటించింది. డబ్బు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. నిరూపణ లేకపోయినా విమానాలు ఎగురుతున్నాయి, తుపాను హెచ్చరికలు అందుతున్నాయి.

ముక్కు లెక్కలో మొదట తేలిన సంగతి వాసన గురించి. వాసన పట్టే పొర ముక్కు పైకప్పులో ఎక్కడో మూలకు ఉంటుంది. మామూలుగా పీల్చిన గాలిలో పదో వంతు మాత్రమే అటువైపు పోతుంది. లడ్డూ పొట్లం విప్పగానే పచ్చకర్పూరం, యాలకుల వాసన కోసం మనం గట్టిగా ఎగపీలుస్తామే, అది ఆ మూలకు ఇంకాస్త గాలి పంపే ఉపాయం.

రెండో సంగతి విషవాయువులది. ఫార్మాల్డిహైడ్ పీల్చిన ఎలుకలకు ముక్కులో కొన్ని చోట్లే క్యాన్సర్ గడ్డలు రావడం చూసి, అమెరికాలోని నార్త్ కరోలినాలో జూలియా కింబెల్ వాళ్ళు ఎలుక ముక్కులో గాలి లెక్క కట్టారు. 1998లో సుబ్రమణ్యం తదితరులు మనిషి ముక్కుకూ కట్టారు. ఎలుకకు వచ్చింది మనిషికీ అదే చోట, అంతే మోతాదులో వస్తుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ఈ విద్య మొదట్లో పెరిగింది ఆపరేషన్ల కోసం కాదు, ఇలాంటి లెక్కల కోసమే.

అసలు ఆశ్చర్యం మూడోది.

ముక్కు దిబ్బడ అంటే దారి ఇరుకు కావడం అనీ, దారి వెడల్పు చేస్తే ఊపిరి ఆడుతుందనీ మనందరి నమ్మకం. దానికి శాస్త్రం మద్దతు కూడా ఉంది. ఫ్రెంచి వైద్యుడు పుయజోయ్ 1840ల్లో సన్నని గొట్టాల్లో ద్రవాలు పారే తీరుకు ఒక సూత్రం చెప్పాడు. వ్యాసార్ధం ఇరవై శాతం పెరిగితే చాలు, ప్రవాహం రెట్టింపవుతుంది. నిజంగానే ముక్కులో అన్నిటికన్నా ఇరుకైన చోటు, రంధ్రం దాటిన కాస్త లోపల, చాలా ముఖ్యం. దాని దగ్గర గాలి సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు వేగంతో, చురుగ్గా నడిచే మనిషిలా పోతుంది. ముక్కు పక్కన చెంప మీద రెండు వేళ్ళు పెట్టి మెల్లగా బయటికి లాగి పీల్చండి. ఒక్కసారిగా తేలికయితే మీ ఇబ్బంది అక్కడే ఉందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, వంకర అని ఆపరేషన్ చేయించుకుని, దారి కళ్ళకు కనిపించేటంత తెరుచుకున్నాక కూడా ‘ఊపిరి ఆడటం లేదు డాక్టరుగారూ’ అనేవాళ్ళున్నారు, వాళ్ళ సంగతేమిటి? అమృతాంజనం ఇంకో చిక్కు ప్రశ్న. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపు సీసా మన ఇళ్ళలో లేని రోజు లేదు. అందులో మెంథాల్ ఉంటుంది. మెంథాల్ ముక్కుకు తగలగానే గాలి ధారాళంగా పోతున్నట్టు ఉంటుంది. కార్డిఫ్‌లో రొనాల్డ్ ఎక్లెస్ పరికరాలతో కొలిచి చూశాడు: మెంథాల్ పీల్చాక గాలికి ముక్కులో ఎదురయ్యే నిరోధం ఏమీ తగ్గలేదు. దారి ఎంత ఇరుకో అంతే ఉంది. తెరుచుకున్నట్టు అనిపించడం మాత్రం నిజం.

గుట్టు చల్లదనంలో ఉంది. నరాల చివర టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది. చలికి అది స్పందిస్తుంది, మెంథాల్‌కూ స్పందిస్తుంది. 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ విడివిడిగా దీన్ని గుర్తించారు, 2021లో నోబెల్ పంచుకున్నారు. ఫిలడెల్ఫియాలో మొనెల్ సంస్థలో కై ఝావో బృందం 2011లో కొందరికి గది గాలి, చల్లని గాలి, పొడి గాలి వేరువేరుగా పీల్పించి ముక్కు ఎంత తెరుచుకున్నట్టుందో అడిగింది. వాళ్ళు చెప్పిన జవాబులు ముక్కు నిరోధంతో కాక, లోపలి తడిపొర ఎంత చల్లబడిందన్నదానితో కలిశాయి. మనకు గాలి పోతున్నట్టు తెలిసేది గోడ చల్లబడటం వల్ల. గాలిని నేరుగా కొలిచే జ్ఞానం ముక్కుకు లేదు.

ఇది తెలిశాక ముక్కు లెక్కల నుంచి వచ్చే కంప్యూటర్ బొమ్మల అర్థమే మారిపోయింది. ఎంత గాలి పోతోంది అన్నది ఒక్కటే చాలదు, గోడలను ఎక్కడెక్కడ, ఎంతమేర తాకుతూ పోతోంది అన్నది చూడాలి. టర్బినేట్లను మరీ ఎక్కువగా కోయించుకున్న కొందరు ముక్కు నిండా ఖాళీ ఉన్నా ఉక్కిరిబిక్కిరి అవుతుంటారు. అమెరికా మేయో క్లినిక్ వైద్యులు 1990ల్లో దీనికి ‘ఖాళీ ముక్కు’ అన్న పేరు పెట్టారు. చాలాకాలం వాళ్ళ గోడు మానసికమనే కొట్టేశారు. లెక్క కట్టి చూస్తే గాలి అంతా ఒకే వెడల్పు దారిన దూసుకుపోతోంది, మిగతా గోడలకు తాకడమే లేదు. చెరువు కింద పిల్ల కాలువలన్నీ పూడ్చి ఒకే పెద్ద కాలువ తవ్వితే నీళ్ళు జోరుగా పారతాయి, మళ్ళు మాత్రం తడవవు. వాళ్ళ ముక్కు సంగతీ అంతే.

మన ప్రాంతపు పెద్దవాళ్ళకు ఇలాంటి జబ్బు ఒకటి ఎప్పటి నుంచో తెలుసు. పీనసం. లోపలి పొర ఎండి, మడతలు కుంచించుకుపోయి, ముక్కు గుహలా అవుతుంది. చెక్కులు కడతాయి, దుర్వాసన వస్తుంది, అయినా రోగి చెప్పేది ముక్కు మూసుకుపోయిందనే. దీనికి 1967లో ఆస్టెన్ యంగ్ అనే వైద్యుడు చెప్పిన ఆపరేషన్ వింటే విడ్డూరంగా ఉంటుంది: ముక్కు రంధ్రాలను కుట్టి కొన్నాళ్ళు మూసేయడం! ఊపిరాడటం లేదని వచ్చినవాడి ముక్కు మూస్తారా అనిపిస్తుంది. కానీ లోపలి పొర కోలుకునేది. 2007లో గిల్హెర్మే గార్సియా, కింబెల్ వాళ్ళు పీనసం ఉన్న ముక్కును కంప్యూటర్లో పెట్టి, ఆ పెద్ద ఖాళీలో గాలికి తేమ, వేడి అందించే శక్తి ఎలా తగ్గుతోందో చూపించారు. అనుభవంతో వైద్యులు చేసిన పనికి కారణం నలభై ఏళ్ళకు లెక్కలో కనిపించింది.

ముక్కులో వేసే మందుల్లోనూ ఇదే లెక్క. స్ప్రే నుంచి వచ్చే తుంపర పెద్దది, బరువైనది. గాలి వంపు తిరిగినా అది తిరగలేదు, నేరుగా పోయి గోడకు కొట్టుకుంటుంది. అందుకే మందులో చాలా భాగం ముక్కు ముందు భాగంలోనే ఆగిపోతుంది. అమెరికాలో సైకత్ బసు బృందం కంప్యూటర్లో స్ప్రే కోణం మార్చి మార్చి చూసి, గురి మారితే లోపలికి చేరే మందు ఎంతో పెరుగుతుందని చూపింది. ఇంట్లో స్ప్రే వాడేవాళ్ళు కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టుకుంటే ధార మధ్య గోడకు కాకుండా పక్కకు పోతుంది. పైసా ఖర్చు లేని పని. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారు చేసిన కోవిడ్ ముక్కు టీకా 2023 జనవరి 26న విడుదలైంది. అది స్ప్రే కాదు, చుక్కలు, ఒక్కో ముక్కులో నాలుగు.  

తుంపరకు ఉన్న న్యాయమే దుమ్ముకూ ఉంది. పది మైక్రాన్లు దాటిన రేణువును ముక్కు చాలావరకు పట్టేస్తుంది. కుప్పం గ్రీన్ పేరుతో దేశదేశాలకు పోయే రాయిని కోసే క్వారీల్లో, పాలిష్ షెడ్లలో అసలు ప్రమాదం కంటికి కనిపించే దుమ్ముతో కాదు. నాలుగైదు మైక్రాన్లకు తక్కువున్న సిలికా రేణువు గాలితోపాటే వంపులన్నీ తిరిగి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అక్కడ ముక్కూ పనికిరాదు, ముఖానికి కట్టిన తువ్వాలూ పనికిరాదు. రాయి తడిపి కోయాలి, సరైన మాస్కు ఇవ్వాలి.

ఇంత చెప్పాక లోపాలు కూడా చెప్పాలి. సీటీ తీసేది ఒక్క క్షణాన. ఇందాక మీరు చూసుకున్నారే, ముక్కు వరస మారుతుందని, ఆ మార్పు అందులో ఉండదు. స్కాన్ పడుకోబెట్టి తీస్తారు, మనిషి రోజంతా నిలబడి తిరుగుతాడు. లెక్కలో గోడలు సాధారణంగా కదలనివిగానే తీసుకుంటారు, గట్టిగా పీలిస్తే ముక్కు పక్కలు లోపలికి లాక్కుపోయే మనుషులున్నారు. గాలికీ కండకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది లెక్క కట్టేవాడి చేతిలో ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల సందులో గీత వెంట్రుకవాసి జరిగినా జవాబు మారుతుంది. ఎరుపు, నీలం రంగుల్లో వచ్చే ఆ బొమ్మలు మరీ అందంగా ఉంటాయి. అందంగా ఉన్నదాన్ని నమ్మేయడం మనిషి బలహీనత. అందుకే ఇది ఇంకా ప్రయోగశాలలు, పరిశోధక ఆసుపత్రుల విద్యగానే ఉంది, రోజువారీ చికిత్సలో భాగం కాలేదు.

అయినా మన దగ్గర దీనికి కావలసిన సరుకు లేకపోలేదు. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు ఆసుపత్రి పక్కూళ్ళోదే. ఇందుకు పనికొచ్చే ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక ముక్కులో మామూలు శ్వాసకు లెక్క కట్టాలంటే సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, మంచి డెస్క్‌టాప్ చాలు. చెవి ముక్కు గొంతు డాక్టరు, మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి ఒక బల్ల దగ్గర కూర్చోవడమే కొరత. ఎవరైనా కూర్చుంటే నా సలహా ఒక్కటి. పడమటి దేశాల ముక్కుల మీద కట్టిన లెక్కలు మనకు అతకవు. 2017లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం వేడి, తేమ ఉన్న చోట్ల పూర్వీకులున్నవాళ్ళ ముక్కు రంధ్రాలు వెడల్పుగా ఉంటాయని చూపింది. కాబట్టి మన ముక్కులతోనే మొదలుపెట్టండి, మే నెల గాలితో కట్టండి.

ఇలాంటి లెక్క మన ఆసుపత్రుల్లోకి వచ్చేలోగా మీలో ఎవరికైనా, ఇంట్లో ఎవరికైనా ముక్కు ఆపరేషన్ అని చెబితే భయపడకండి, అవసరమైనచోట అది మేలే చేస్తుంది. డాక్టరుగారిని రెండు మాటలు మాత్రం అడగండి: కండను పూర్తిగా తీసేస్తారా, కొంతే తగ్గిస్తారా? మధ్య గోడ ఒక్కటే సరిచేస్తే సరిపోతుందా? జవాబు విన్నాకే సంతకం పెట్టండి.